చూడని కాలం మీద బెంగ

టొరంటోలో మూతపడ్డ ఓ ఫ్యాన్ల కొట్టు, అద్దంలోంచి తొంగిచూస్తే లోపల గోడకు ఇద్దరు మగవాళ్ల ఫొటోలు. కెనడా బొమ్మల కథల రచయిత సేత్‌కు ఆ మాత్రం చాలింది. ఆ ఇద్దరినీ ఏబ్, సైమన్ అనే అన్నదమ్ముల్ని చేసి, ‘క్లైడ్ ఫ్యాన్స్’ అంటూ కొట్టు పేరుతోనే 1997లో కథ మొదలుపెట్టాడు. పూర్తి పుస్తకం చేతికొచ్చేసరికి 2019.

ఏసీలొచ్చి ఫ్యాన్ల వ్యాపారం మూలపడింది; పైకి కథ ఇంతే. ముసలి ఏబ్ ఖాళీ ఇంట్లో గదులన్నీ తిరుగుతూ, సరుకు అమ్మడంలోని కిటుకుల గురించి పేజీల కొద్దీ మాట్లాడతాడు. వినేవాళ్లెవరూ లేరు. బొమ్మల్లో నలుపు, తెలుపు, వెలిసిన నీలం తప్ప మరో రంగుండదు. తమ్ముడు సైమన్‌ది ఇంకో అవస్థ. 1957లో ఆర్డర్లు పట్టుకురమ్మని డొమినియన్ అనే ఊరికి పంపితే, కొట్టు మెట్టెక్కగానే నోరు పెగలదు. అతనికి ప్రాణమల్లా వింత పోస్టుకార్డుల మీద: మనిషికి మించిన చేప, బండికి ఒక్కటే సరిపడే కూరగాయ. ఇవి సేత్ కల్పనలు కావు. కాన్సాస్ రాష్ట్రంలో విలియం మార్టిన్ అనే ఫొటోగ్రాఫర్ 1908 ప్రాంతంలో ఫొటోలు కత్తిరించి అతికించి ఇలాంటివే తయారుచేసి అమ్మాడు. ఒకప్పుడు జనం నవ్వుకుంటూ చుట్టాలకు పంపుకున్న కార్డులను సైమన్ ఒక్కడే గదిలో కూర్చుని పరిశోధిస్తుంటాడు.

డొమినియన్ మ్యాపులో లేదు. సేత్ అట్టపెట్టెల ముక్కలతో దాని సినిమాహాళ్లనూ, బ్యాంకులనూ కట్టి రంగులేశాడు. ఆ బొమ్మ భవనాలు గ్యాలరీలకూ ఎక్కాయి.

తమాషా ఏమిటంటే, ఈయన పుట్టింది 1962లో. తాను చూడని కాలం మీద బెంగ! 1996లో వచ్చిన పుస్తకంలో కాలో అనే మరుగునపడ్డ కార్టూనిస్టు కోసం వెతికాడు. చివర్లో అతని కార్టూన్లూ వేశాడు. చాలామంది నిజమని నమ్మారు. కాలో లేడు, ఆ కార్టూన్లన్నీ సేత్ గీసినవే.

పాత రోజులే బంగారమని పాడుకునే బాపతైతే సేత్‌ను ఎప్పుడో పక్కన పెట్టొచ్చు. ఆయన గీసిన 1957లో సైమన్‌కు ఊపిరాడదు. 2020లో కెనడా సాహిత్య పురస్కారమైన గిల్లర్ బహుమతి లాంగ్‌లిస్టులో చేరిన తొలి బొమ్మల నవల ‘క్లైడ్ ఫ్యాన్స్’. ఏబ్ ఏకపాత్రాభినయం కొందరికి సాగతీతగా తోచవచ్చు. అది దాటేసి చదివితే మాత్రం, కొట్టు గుమ్మం ముందు తమ్ముడి కాళ్లెందుకు వణికాయో అంతుపట్టదు.