చెవి తప్పా, యంత్రము తప్పా?

మా తరగతి బాలుడొకడు తన ఇయర్‌ఫోనులను మాకు చూపి, "మాస్టరుగారూ, దీనిలో ఒక్కొక్క ప్రక్క అయిదు డ్రైవరులున్నవి, మీదానిలో ఒక్కటే" అని మా మీద జాలిపడెను. చౌక ఇయర్‌ఫోనులను గూర్చి లోకమునకు గల భ్రాంతి యంతయు నీ మాటలో నున్నది. అయిదుగురు వంటవాండ్రు చేరినంతమాత్రమున పులుసునకు రుచి వచ్చునా? డ్రైవరులు పలువురైనపుడు మంద్రమును పలుకవలసిన దేదో, తారమును పలుకవలసిన దేదో పంచిపెట్టవలెను. తక్కువ వెలలో నా పంపకము చక్కగా కుదురుట యరుదు.

వాని యంత్రమును, మా మూన్‌డ్రాప్ చూను వారము దినములు మార్చి మార్చి వింటిమి. మాది 2022లో వెలువడినది. లోహపు తొడుగు, లోన 10 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవరు. తీగ మాత్రము ఊడదీయ వీలుకానిది; అది తెగిననాడు యంత్రమునకును నూఱేండ్లు నిండినట్లే. బాలుని దానికి తీగను మార్చుకొనవచ్చును. ఈ యొక్క విషయమున వాడే గెలిచెనని యొప్పుకొంటిమి.

పరీక్షకు మేము సినిమాపాట నెన్నుకొనలేదు. శ, ష, స అను మూడక్షరములను మా గొంతుతోనే ఫోనులో పట్టి వింటిమి. బాలుని యంత్రమున మంద్రము ఉరుమువలె మ్రోగెను గాని, 'స' పామువలె బుసకొట్టెను. శకార షకారములు కలిసిపోయెను. మాదానిలో మూడును వేఱువేఱుగా పలికెను. రబ్బరు తొడుగు చెవిరంధ్రమున బిగువుగా కూర్చుండనిచో మంద్రమంతయు వెలికి జారిపోవునని కూడ అప్పుడే కనుగొంటిమి. పలువురు తొడుగును మార్చుటకు మాఱుగా ధ్వనిని హెచ్చింతురు.

నాలుగవనాడు మా యంత్రముననే కుడిప్రక్క షకార సకారములు మసకబాఱినట్లు తోచెను. వెంటనే అంగడికి పోయి వాదమాడితిమి. అచ్చటి కుఱ్ఱవాడు శాంతముగా, "కుడిదానిని ఎడమచెవిలో పెట్టుకొని వినండి సార్" అనెను. పెట్టుకొంటిమి. మూడక్షరములును స్పష్టముగా వినవచ్చెను. ఎడమదానిని కుడిచెవిలో నుంచితిమి, మరల మసక. మా నోట మాట లేదు.

వైద్యులు పరీక్షించి, కుడిచెవికి తారస్థాయి ధ్వనులు తగ్గినవని చెప్పిరి. కారణము నిశ్చయింపలేకపోయిరి. పెద్దవారు వారమునకు 40 గంటలకు మించి 80 డెసిబెళ్ల ధ్వనిని వినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మూడు డెసిబెళ్లు పెరిగిన, కాలము సగము కావలెను. పిల్లలకు హద్దు 75 మాత్రమే. బాలుని ఫోనులో నా హద్దును వాని ఎదుటనే అమర్చితిమి. వాడు మొగము ముడుచుకొనెను.

చదువరులారా, అంతకంటె మమ్ము బాధించినది వేఱొకటి కలదు. మా బల్లకు కుడివైపు వరుసలోని పిల్లలు మాటలను నమలుచున్నారని ఎన్ని మాఱులు గద్దించితిమో! వారిలో నొక బాలిక 'విషము' అని చక్కగానే పలికినను, 'విశము' కాదని మూడు పర్యాయములు చెప్పించి, కడకు నిలువబెట్టితిమి. మొన్న ఆమె ప్రక్కకు పోయి, మా యెడమచెవిని ఆమెవైపు త్రిప్పి, ఆ పాఠమునే మరల చదువుమంటిమి. ఆమె భయపడుచు, లేచి నిలువబడియే చదివెను.