పేరుకు పట్టింపు వద్దు

తెలుగు లిపిలో క్యాపిటల్ అక్షరాలు లేవు. వాక్యం మొదట్లో వచ్చినా, మధ్యలో వచ్చినా ‘ర’ ఒకే తీరున ఉంటుంది. బడిలో పెద్ద ఏబీసీడీలూ చిన్న ఏబీసీడీలూ దిద్దినవాళ్లమే అయినా, ఎలా రాసినా రవి రవే అన్నది మన నమ్మకం. వెబ్‌మెయిల్ లాగిన్ దగ్గర కూడా ఈ నమ్మకం చెల్లాలని నా కోరిక.

కంప్యూటర్‌కు మాత్రం పెద్ద అక్షరం, చిన్న అక్షరం రెండూ వేరు. అక్షరాలకు అంకెలు కేటాయించే ఆస్కీ పట్టికలో క్యాపిటల్ ‘ఏ’ 65, చిన్న ‘ఏ’ 97. తేడా 32, అంటే ఒకే ఒక్క బిట్. 1963 నాటి పట్టికలో చిన్న అక్షరాలే లేవు. 1967 సవరణలో వచ్చి చేరాయి. ఆ తర్వాత పుట్టిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రెండు వరసలనూ విడివిడిగానే చూసింది. ఆ పట్టింపే యూజర్ నేముల దాకా వచ్చింది.

దీనివల్ల నలిగేది కొత్తగా మెయిల్ వాడేవాళ్లు. ఫోన్ కీబోర్డు తనంతట తానే మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేస్తుంది. తేడా చూసే సర్వర్ ఒప్పుకోదు. ‘యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు’ అంటుంది తప్ప ఏది తప్పో చెప్పదు. దొంగకు ఆచూకీ దొరక్కూడదు కనుక చెప్పకూడదు కూడా. పాపం ఆ మనిషి పాస్‌వర్డ్‌నే అనుమానించి మళ్లీ మళ్లీ కొడతాడు, చివరికి ఖాతాకు తాళం పడుతుంది.

కొన్నిచోట్ల చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. స్క్విరల్‌మెయిల్ అనే వెబ్‌మెయిల్ సాఫ్ట్‌వేర్ మామూలుగా అడ్రస్ బుక్కునూ సెట్టింగులనూ యూజర్ నేమ్‌తోనే ఫైళ్లుగా దాస్తుంది. మెయిల్ సర్వర్ రెండు రూపాలనూ ఒప్పుకుంటే, క్యాపిటల్‌తో వెళ్లిన రోజు ఉత్తరాలన్నీ కనబడతాయి, అడ్రస్ బుక్కు మాత్రం ఖాళీగా ఉంటుంది. ఏళ్ల తరబడి కూర్చుకున్న చిరునామాలు పోయాయనుకుంటే ఎంత కంగారు! అందుకే పేరును చిన్న అక్షరాల్లోకి మార్చే సెట్టింగు అందులో ఉంది. అలాంటిదే అయిన రౌండ్‌క్యూబ్‌లోనూ ఉంది. జీమెయిల్ అసలు ఈ తేడానే చూడదు.

2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 అనే ఈమెయిల్ ప్రమాణం ఈ సంగతిని శ్రద్ధగా ఆలోచించింది. చిరునామాలో ఎట్ గుర్తుకు ముందున్న భాగాన్ని దారిలోని సర్వర్లు మార్చకూడదు, దాని అర్థం తేల్చే హక్కు గమ్యంలోని సర్వర్‌దే అంది. ఆ గమ్యం కూడా అక్షరాల తేడా మీద ఆధారపడకపోవడమే మంచిదని హితవు చెప్పింది.

పాస్‌వర్డ్ సంగతి వేరు. అక్కడ పట్టింపు ఉండాల్సిందే. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్‌లో పెద్దవీ చిన్నవీ కలిపి వాడే వీలుంటే, ఊహించాల్సిన కలయికలు 256 రెట్లు పెరుగుతాయి. రహస్యానికి ఆ బిగువు బలం. పేరు రహస్యం కాదు, నలుగురికీ చెప్పుకునేది. దాన్ని బిగిస్తే దొంగకు అడ్డు పడదు, సొంతదారుకే పడుతుంది.

లాగిన్ పేజీ రాసేవాళ్లను నేను కోరేది ఇంతే: ఖాతా తెరిచేటప్పుడూ లోపలికి రానిచ్చేటప్పుడూ పేరును ఒకే రూపంలోకి మార్చి చూడండి. రెండుచోట్లా చేస్తేనే ఒకే పేరుతో ఇద్దరు తయారవకుండా ఉంటారు. ఎవరి ఉత్తరాలు వాళ్లు చదువుకోవడానికి షిఫ్ట్ మీట అడ్డు రాకూడదు.