పాలు పొంగినాయా?

పొద్దున్నే నేను కాఫీ గ్లాసుతో కంప్యూటరు ముందు కూర్చోగానే మా అత్తగారు వరండాలోంచి ఒక కేక వేస్తారు, "ఏం మే, పాలు పొంగినాయా?" అని. స్టవ్వు మీద పాల సంగతి కాదండోయ్! ఆ పాలు పొంగితే ఆవిడ కేకెయ్యరు. ముందు వెళ్ళి స్టవ్వు కట్టేసి, తర్వాత తీరిగ్గా నాకు చీవాట్లు పెడతారు. ఇవి వేరే పాలు. ఆ కథ మీకు చెప్పాలి.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మావారు బ్యాంకులో పనిచేస్తారు. అత్తగారిది చిత్తూరు, కట్టమంచి. ఆరు నెలలు మా దగ్గర, ఆరు నెలలు మా మరిది దగ్గర ఉంటారు. నేను ఇక్కడి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనే ఎం.సి.ఏ. చదివి, 1998లో చెన్నైలో ఉద్యోగంలో చేరాను. ఆ రోజుల్లో మా బోటివాళ్ళందరికీ ఒకటే పని. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే 1900 అనుకుని తికమక పడకుండా, వాటిని నాలుగంకెలకి మార్చడం. కోబాల్ భాష, మెయిన్‌ఫ్రేమ్ యంత్రం. 2000లో అమ్మాయి పుట్టింది, ఉద్యోగం మానేశాను. ఎవరూ మానెయ్యమనలేదు. అలాగని మానొద్దనీ ఎవరూ అనలేదు.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. 2022లో అమ్మాయి తనే ఉద్యోగానికి చెన్నై వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "అమ్మా, మధ్యలో మానేసిన ఆడవాళ్ళని మళ్ళీ తీసుకుంటున్నారు, నువ్వూ పెట్టు" అని దరఖాస్తు తనే నింపి పంపేసింది. ఇంటర్వ్యూలో వాళ్ళడిగిన మొదటి ప్రశ్న, "మధ్యలో ఈ ఖాళీ ఏమిటండీ?" అని. ఏం చెప్పను? ఊరగాయలు, వేవిళ్ళు, మామగారి ఆపరేషను, అమ్మాయి పరీక్షలు. ఇవన్నీ కలిపితే ఖాళీ అవుతుందని అప్పుడే తెలిసింది. మొత్తానికి తీసుకున్నారు. ఇంట్లోంచే పని. ఆరు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటారు.

ఇక పని సంగతి. మెయిన్‌ఫ్రేమంటే బీరువా అంత యంత్రం. ఐ.బి.ఎం. వాళ్ళు 1964 ఏప్రిల్ 7న సిస్టమ్ 360 అని ఒకదాన్ని ప్రకటించారే, దాని వంశం ఇంకా నడుస్తోంది. పెద్ద పెద్ద బ్యాంకులు, బీమా కంపెనీల లెక్కలు ఈనాటికీ అందులోనే. జావా అనే భాష 1995లో లోకానికి తెలిసిన చిన్నది. ఇంటర్‌నెట్ పేజీలకి బాగా పనికొస్తుంది. లెక్కలన్నీ పెద్దింట్లో ఉంటే, వాటిని చూపించే ప్రోగ్రాము ఎక్కడో అద్దెకుండడం దేనికని, జావాకి ఆ పెద్దింట్లోనే ఒక వాటా ఇచ్చారు. ఆ వాటానే అప్లికేషన్ సర్వర్ అంటారు. మాకిచ్చిన దాని పేరు లిబర్టీ.

మా టీమ్ లీడరుకి ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. నన్ను 'మేడం' అనలేక, 'ఆంటీ' అనకూడదని, 'అక్కా' అంటుంది. ఆ అమ్మాయి 2023 మాఘమాసంలో ఒక రోజు, "అక్కా, కొత్త సర్వర్ ఇచ్చారు. మొదట శాంపిల్ అప్లికేషన్ ఎక్కించండి. అది పనిచేశాక అసలుది ఎక్కిద్దాం" అంది.

ఆ శాంపిల్ ఏమిటా అని చూద్దును కదా, ఒక చిన్న ఫైల్లో రాసిన పలకరింపుని చదివి పేజీ మీద చూపిస్తుంది. అంతే! నాకు చిన్నతనమనిపించింది. మావారితో అంటే, "అన్నమంతా పిసికి చూస్తామా? ఒక మెతుకు పట్టి చూస్తే చాలు కదా" అన్నారు. "ఆ మెతుకు ఈ అన్నంలోది కాదుగా! పక్క గిన్నెలో మెతుకు పట్టుకుని చూస్తే ఈ గిన్నెలో అన్నం ఉడికినట్టా?" అన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. గెలిచాననుకున్నాను.

శుక్రవారం సాయంత్రం ఎవరికీ చెప్పకుండా అసలు అప్లికేషనే ఎక్కించాను. ఎక్కించడం కష్టమేం కాదు. జావా ప్రోగ్రామంతా ఒక మూటగా కడతారు. దాన్ని వార్ ఫైలంటారు. యుద్ధమేమీ లేదు లెండి. డ్రాపిన్స్ అనే ఫోల్డర్లో ఆ మూట పడేస్తే సర్వర్ తనే చూసుకుని ఎక్కించుకుంటుంది. పడేశాను. అంతే, తెర నిండా వరసాగ్గా తప్పులు! ఒకటి సరిచేస్తే ఇంకొకటి. తప్పు ప్రోగ్రాములో ఉందా, సర్వర్లో ఉందా, నాలోనే ఉందా? రాత్రి రెండింటిదాకా కూర్చున్నాను. ఈ వయసులో మనకిదంతా ఎందుకొచ్చింది అనుకుంటూ పడుకున్నాను.

మర్నాడు చిత్తూరు ప్రయాణం. కట్టమంచిలో మరిది పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాడు. ఆదివారం తెల్లవారుజామున గృహప్రవేశం. కొత్త వంటింటి తిన్నె మీద కొత్త పొయ్యి, కొత్త గిన్నె, పసుపు రాసి పాలు పెట్టాం. అందరం చేతులు జోడించుకుని చూస్తున్నాం. పాలు పొంగాయి. పొంగి, తూర్పుకి పోకుండా చక్కగా పడమటి గోడవైపు పారి అక్కడ మడుగు కట్టాయి. ముసలమ్మలు గుసగుసలాడుకున్నారు. తోడికోడలి కళ్ళల్లో నీళ్ళు.

మా అత్తగారు మాత్రం మేస్త్రీని పిలిపించారు. అతను రసమట్టం పెట్టి చూసి తల గోక్కున్నాడు. తిన్నె గోడవైపు వాలుగా ఉంది!

"ఏడస్తా ఉండావెందుకు మే?" అన్నారావిడ చిన్నకోడలితో. "పాలు పొంగిచ్చేది పాల కోసరమా? పొయ్యి అంటుకుంటాదా, కొళాయిలో నీళ్ళొస్తాయా, తిన్నె సమంగా ఉండాదా, అన్నీ తెల్సొస్తాయి. బియ్యం మూటలు దించినాక తెలిస్తే ఏం లాభం? ఇప్పుడే తెలిసింది, మంచిదే."

నేను నిలుచున్నచోటే నిలబడిపోయాను. మావారి మెతుకూ తప్పే, నా జవాబూ తప్పే. శాంపిల్ చూసేది అన్నం ఉడికిందా అని కాదు. ఇల్లు వంటకి పనికొస్తుందా అని. నేను పాలు పొంగించకుండానే బియ్యం మూటలు దించేశాను.

సోమవారం అసలు అప్లికేషన్ని కిందికి దించి, బుద్ధిగా శాంపిల్ ఎక్కించాను. ఇప్పుడు తప్పులు ఒక్కొక్కటే వచ్చాయి. మొదటిది, 9080 అనే ద్వారం. లిబర్టీ మామూలుగా ఆ ద్వారంలోనే కూర్చుంటుంది. అక్కడ అప్పటికే ఇంకో సర్వర్ కూర్చునుంది. అంకె మార్చాను. రెండోది, సర్వర్‌కి తనదంటూ ఒక పేరుంటుంది, ఆ పేరు మీదే పనిచేస్తుంది. నేను ఫైలు నా పేరు మీద పెట్టి తాళం నా కొంగుకే కట్టుకున్నాను. దాన్ని చదవడానికి సర్వర్‌కి అనుమతిచ్చాను. అప్పుడు తెర మీద సిడబ్ల్యూడబ్ల్యూకేజెడ్0001ఐ అని చాంతాడంత పేరుతో ఒక వరస వచ్చింది. 'అప్లికేషను మొదలైంది' అని దానర్థం. అంత అందమైన వరస ఈ మధ్యకాలంలో చదవలేదంటే నమ్మండి!

సంబరంగా పేజీ తెరిచాను. 'హలో ఫ్రమ్ తిరుపతి' అని నేను స్వయంగా టైపు చేసిన పలకరింపుకి బదులు తలల మీద కొమ్ములూ టోపీలూ పెట్టుకున్న వింత అక్షరాలు. వాటి మధ్య రెండు చోట్ల, ఈమెయిలు చిరునామాలో వస్తుందే, ఆ అట్ గుర్తు.

అట్ గుర్తు! మూడు మాటల మధ్య రెండు ఖాళీలు, సరిగ్గా అక్కడే రెండు గుర్తులు. ఎక్కడో పాత పెట్టె మూత తెరుచుకున్నట్టయింది. అరవై నాలుగు!

కంప్యూటరుకి అక్షరాలు తెలీవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక అంకె. 1963లో వచ్చిన ఆస్కీ అనే పట్టికలో పెద్ద 'ఏ'కి 65, మాటల మధ్య ఖాళీకి 32. లోకమంతా దాని బాటలోనే నడిచింది. మెయిన్‌ఫ్రేమ్ మటుకు ఎబ్సిడిక్ అనే తన పట్టిక తనే పెట్టుకుంది. అందులో 'ఏ' 193, ఖాళీ 64. 'ఐ' పక్కన 'జే' కూడా వరసగా రాదు, మధ్యలో ఏడు అంకెల సందుంది. 1998లో ఇవన్నీ బట్టీ పట్టించారు. పుట్టింట్లో మూడో డబ్బాలో ఉప్పు, అత్తింట్లో మూడో డబ్బాలో చక్కెర ఉంటే కొత్త కోడలి చేతి పప్పు ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను ఆ ఫైలు మెయిన్‌ఫ్రేమ్ మీదే టైపు చేశాను. అది ఖాళీని 64గా దాచుకుంది. ప్రోగ్రాము దాన్ని ఆస్కీ లెక్కన చదివింది. ఆస్కీలో 64 అంటే అట్ గుర్తు!

'ఈ ఫైల్ని 1047 పట్టిక ప్రకారం చదువు' అని ప్రోగ్రాములో ఒక్క మాట రాశాను. 1047 అంటే ఎబ్సిడిక్‌లోనే ఒక రకం. పేజీ మళ్ళీ తెరిస్తే, 'హలో ఫ్రమ్ తిరుపతి'!

మా లీడరమ్మాయికి చూపించి, శుక్రవారం నేను చేసిన ఘనకార్యం కూడా ఒప్పేసుకున్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. అసలు అప్లికేషను కూడా అక్కడే టైపు చేసిన వివరాల ఫైలు ఒకటి చదువుకోవాలి. ఆ పేచీ దానిలోనూ ఉండేదే. "నేనైతే రెండ్రోజులు కొట్టుకునేదాన్ని. ఎలా కనిపెట్టారక్కా?" అంది.

"ఖాళీని చూసి" అన్నాను.

అన్న తర్వాతే ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. నాలో నేనే నవ్వుకున్నాను.

మంగళవారం అసలు అప్లికేషను ఎక్కించాం. ఒక్క తప్పు వచ్చింది. అది దాని సొంత తప్పే. లీడరమ్మాయి పది నిమిషాల్లో సరిచేసింది. ఏప్రిల్లో నన్ను ఉంచుకుంటున్నట్టు కాగితం వచ్చింది. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకి వారానికో అరగంట ఆ పాత పట్టికల సంగతి చెబుతున్నాను.

అన్నట్టు, శాంపిల్ని తీసేశాను. పని అయ్యాక శాంపిల్ని సర్వర్ మీద ఉంచెయ్యకూడదు. ఎవరూ కనిపెట్టుకుని ఉండని దొడ్డిగుమ్మంలాంటిది, దొంగలు దాంట్లోంచే దూరుతారు. తీసేస్తుంటే ప్రాణం కాస్త ఉసూరుమంది. అత్తగారికి చెబితే, "పొంగిన పాలు గిన్నెలోనే పెట్టుకోని చూస్తా కూర్చుంటామా మే? పరమాన్నం చేసి పంచిపెడతాం గానీ" అన్నారు.

అప్పట్నించీ రోజూ ఆ కేక. కొత్త సర్వర్ వచ్చిన రోజున "పొంగినాయత్తా" అంటాను. మిగతా రోజుల్లో "పాతిల్లేలే అత్తా" అంటాను. ఇవ్వాళ కొత్తది వచ్చింది. ఉంటాను మరి, పొయ్యి వెలిగించాలి.