ఎర్రచుక్క చూసి మందు పెంచాలా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో ఏళ్ల తరబడి కాపురం చేస్తున్న నాలాంటివారికి మందు పని చేస్తోందో లేదో చెప్పడానికి ముగ్గురు సాక్షులుంటారు. మొదటి సాక్షి మన ఒళ్లే. పొద్దున లేచాక పిడికిలి బిగియడానికి ఎంతసేపు పడుతోంది, పిండి గిన్నె ఎత్తగలుగుతున్నామా అన్నది అదే చెబుతుంది. రెండో సాక్షి డాక్టర్. 28 కీళ్లు నొక్కి చూసి, రక్తపరీక్షను కూడా కలిపి స్కోరు కడతారు. మూడోది స్కానింగ్. గత ఏడాది ఈ మూడో సాక్షి మిగతా ఇద్దరితో విభేదించింది.

అప్పటికి నాకు నొప్పి లేదు, వాపు లేదు. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్‌తో స్కోరు అదుపులోనే ఉంది. అల్ట్రాసౌండ్‌లో మాత్రం కుడి మణికట్టు దగ్గర చిన్న ఎర్రచుక్క కనిపించింది. పవర్ డాప్లర్ పద్ధతిలో ఆ ఎరుపు కీలు లోపలి పొరలో రక్తప్రవాహం పెరిగిందనడానికి గుర్తు. సున్నా నుంచి మూడు దాకా ఇచ్చే గ్రేడుల్లో నాది ఒకటి. మందు పెంచాలని ఇంట్లో అందరి పట్టు.

వాళ్ల భయం అర్థం లేనిది కాదు. ఎక్స్‌రేలో తేడా కనిపించేసరికే ఎముక దెబ్బతిని ఉంటుంది. అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ అంతకంటే ముందే పసిగడతాయి. వ్యాధి తగ్గినట్టే ఉన్నా డాప్లర్‌లో ఎరుపు కనిపించిన కీళ్లలో ఎముక దెబ్బతినే ముప్పు ఎక్కువని బ్రిటన్‌లోని లీడ్స్ పరిశోధకులు 2008లో చూపారు.

అలాగని చుక్క మాయమయ్యేదాకా మందు పెంచుతూపోతే మేలు జరుగుతుందా? నార్వేలో 238 మంది రోగులపై జరిగిన ఆర్కిటిక్ అధ్యయనం (2016) అల్ట్రాసౌండ్‌తో, డెన్మార్క్‌లో 200 మందిపై జరిగిన ఇమాజిన్-ఆర్ఏ (2019) ఎంఆర్ఐతో ఇదే పరీక్షించాయి. స్కాన్‌ను బట్టి చికిత్స మార్చినవారికీ, మామూలు పద్ధతిలో చూసినవారికీ రెండేళ్ల తర్వాత ప్రధాన ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా డెన్మార్క్‌లో తీవ్రమైన ఆరోగ్య సమస్యలు స్కాన్ బృందంలో 17 మందికి వస్తే, రెండో బృందంలో ఆరుగురికే వచ్చాయి.

నాకు తర్వాతి మెట్టు బయోలాజిక్ ఇంజెక్షన్. అది ఖరీదైనదే కాదు, రోగనిరోధక శక్తినీ తగ్గిస్తుంది. ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ మళ్లీ లేచే ప్రమాదం ఉంటుంది కాబట్టి ముందు ఆ పరీక్ష చేయించాలి. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో ఇది తేలిగ్గా తీసుకునే మాట కాదు.

డాక్టర్‌తో మాట్లాడాక మందు మార్చకూడదనే నిర్ణయానికొచ్చాం. స్కానింగ్ అక్కర్లేదని కాదు. నొప్పి ఉండి వాపు చేతికి అందనప్పుడు అసలు సంగతి తేల్చేది అదే. మూడు నెలలకోసారి కీళ్ల పరీక్ష, ఏడాదికి ఎక్స్‌రే అనుకున్నాం. మొన్నటి ఎక్స్‌రేలో ఎముకకు కొత్తగా దెబ్బేమీ లేదు. చుక్క మాత్రం ఇంకా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా కాస్త దిగులేస్తుంది. అయినా దిగులుకు మందు బయోలాజిక్ కాదు కదా.