మూడవ తిత్తి

బ్యాగ్‌పైపు అనగానే మనకు స్కాట్లండు కొండలు, గళ్ళ పావడాలు, సైనిక కవాతు జ్ఞాపకం వస్తాయి. అది కెల్టు జాతుల వారసత్వమని ప్రసిద్ధి. స్పెయిన్ వాయవ్యంలోని గలీషియావారు దానిని గైతా అంటారు; ఫ్రాన్సులోని బ్రిటనీవారు బినియు అంటారు. అయితే బల్గేరియాలోనూ, ట్యునీషియాలోనూ తోలుసంచి వాద్యాలున్నాయి. కనుక ఈ వాద్యానికి జాతిని వెతకడం కంటె మేకల మందను వెతకడం మేలనిపిస్తుంది.

తెలుగునాట దాని పేరు తిత్తి. మేకతోలును నిలువునా చీల్చకుండా ఒలిచి, రంధ్రాలు బిగించి, ఊదడానికొక గొట్టం, పలకడానికొక గొట్టం అమర్చేవారు. ఊదేవాడు గుక్క తిప్పుకునే క్షణంలో కూడ, చేతి ఒత్తిడికి నాదం తెగకుండా సాగుతుంది. స్కాట్లండు వాద్యంలో మూడు శ్రుతి గొట్టాలతోబాటు పాట పలికే గొట్టం వేరే ఉంటుంది. మన తిత్తి పని ప్రధానంగా శ్రుతి నిలపడమే. వీధినాటకంలో వేషాలు మారేవి, రాగాలు మారేవి. తిత్తి పట్టిన ఆధార షడ్జం మారేది కాదు. హార్మోనియం, శ్రుతిపెట్టె వచ్చాక ఆ పని వాటికి దక్కింది.

ఇల్లందులో పెరిగిన నాకు చిన్ననాట తెలిసిన తిత్తులు రెండే: కమ్మరి కొలిమి తిత్తి, మనిషి ఊపిరితిత్తి. 1871లో విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలయింది. ఊరికి బొగ్గుట్ట అనే పేరు కూడ నిలిచింది. బొగ్గుధూళిని ఏళ్ళ తరబడి పీల్చిన ఊపిరితిత్తి గట్టిపడి, సాగే గుణం కోల్పోతుంది. అందుచేత ఆ మాట మాకు దగ్గునే స్ఫురింపజేసేది. మూడవ తిత్తి ఒకటుందనీ, అది పాటకు తోడుండేదనీ చాలా కాలం తరువాత చదివి తెలుసుకున్నాను.

మూడింటి పనీ ఒకటే: గాలిని పట్టి, కావలసిన చోటికి అందించడం. కొలిమిలో అది నిప్పు, ఛాతీలో ప్రాణం, నాటకంలో శ్రుతి. తత్త్వాలు పాడేవారు దేహాన్ని తోలుతిత్తి అన్నది ఇందుకే కాబోలు.

మన మన్యపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది; 2024లో ఆయన కన్నుమూశారు. డోలికి ఆ గౌరవం దక్కడం సంతోషమే. కాని రాత్రంతా ఒకే స్వరాన్ని మోసి, పాడేవాడిని తప్పిపోకుండా కాచిన తిత్తిగాడికి ఏ బిరుదు వస్తుంది? గలీషియాలో నేడు గైతాను సంగీత పాఠశాలల్లో నేర్పుతున్నారు. మనం కనీసం ఊరి పెద్దలను అడిగి, తిత్తి పట్టినవారి పేర్లయినా రాసిపెట్టుకోవద్దూ?