మూర్తికి, చిన్న సర్వోల సంగతి

సుంగై సిపుట్, మలేషియా,
ఆదివారం సాయంత్రం

మూర్తీ,

నీ ఉత్తరం అందింది. బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ బాధ్యత నీకే అప్పగించారని చదివి ఇంట్లో అందరికీ చెప్పాను. ఈపోలో ఉన్నప్పుడు అన్నం తినే బల్ల మీద కూడా పాత బోర్డులు పరుచుకుని కూర్చునేవాడివి. నీకు అంతకంటే తగిన పని ఇంకోటి లేదు. పిల్లల రోబోలకు ఏ మైక్రో సర్వో కొనాలో ఒక్క పేరు చెప్పు చాలు అన్నావు. పేరు ఒక్కటీ రాసి పంపితే నీకేం మేలు చేసినవాణ్ణి కాను, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

బాగాన్ దాతుక్ వైపు ఉన్నంతమంది మన తెలుగువాళ్ళు ఇక్కడ లేరు. శనివారాలు మా ఇంటి ముందు షెడ్డులో తెలుగు పిల్లలూ తమిళ పిల్లలూ కలిసే చేరతారు. వాళ్ళలో ఒకమ్మాయి మీఆర్మ్ డిజైను చూసి చిన్న రోబో చెయ్యి కట్టింది. నాలుగు మైక్రో సర్వోలతో నడిచే చెయ్యి అది, గుర్తుందిగా. భుజం సగం లేవగానే చెయ్యంతా వణికేది. పాపం ఆ పిల్ల ప్రోగ్రామంతా చెరిపేసి మళ్ళీ రాసింది, కోణాలు మార్చింది, వేగం తగ్గించింది. చివరికి భుజం దగ్గర సర్వో తీసి ఇంకోటి పెడితే, అదే ప్రోగ్రాముతో చెయ్యి నిదానంగా లేచింది. తప్పంతా మోటారుది. ఆ మోటారు మన చేతిలో వణికితే ముందు దాన్నే అనుమానిస్తాం. పదకొండేళ్ళ పిల్ల మాత్రం తనకే రాదనుకుంటుంది. నమ్మకమైన సర్వో అవసరం మనకన్నా పిల్లలకే ఎక్కువని నేను గట్టిగా అంటున్నది అందుకే.

ఆ వణుకు ఎక్కడ పుడుతుందో నీకు చెప్పక్కర్లేదు గానీ, నీ పిల్లలకు మాత్రం ఒక పాత సర్వో విప్పి చూపించు. లోపల చిన్న డీసీ మోటారు, నాలుగైదు పళ్ళచక్రాలు, ఒక బుల్లి బోర్డు, చివరి చక్రంతో పాటు తిరిగే పొటెన్షియోమీటరు ఉంటాయి. 20 మిల్లీసెకన్లకోసారి ఒక పల్స్ వస్తుంది. దాని వెడల్పు 1.5 మిల్లీసెకన్లయితే మధ్యలో నిలబడమని అర్థం. తానిప్పుడు ఎక్కడుందో బోర్డు ఆ పొటెన్షియోమీటరును అడిగి తెలుసుకుంటుంది. దాని పట్టీ నాసిదైనా, అరిగినా, ఒక్క చోటే రెండు మూడు జవాబులు చెబుతుంది. మోటారు అటూ ఇటూ వెతుక్కుంటుంది. చవక సర్వోల్లో ముందు కక్కుర్తి పడేది ఈ భాగం దగ్గరే అని నా అభిప్రాయం. పైన అంటించిన కాగితం చూస్తే మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి.

ఇక పేర్లు. టవర్‌ప్రో వాళ్ళ నీలం రంగు ఎస్‌జీ90 నీకు తెలిసిందే. బరువు 9 గ్రాములు, 4.8 వోల్టుల దగ్గర 1.8 కిలో-సెంటీమీటర్ల బలం, ప్లాస్టిక్ పళ్ళు. దాని అన్న ఎంజీ90ఎస్‌కి లోహపు పళ్ళు, 13.4 గ్రాములు. చిక్కేమిటంటే ఈ రెండు పేర్లతో ఎవరెవరో చేసినవి లోకమంతా తిరుగుతున్నాయి, కాబట్టి ఆ పేరు అడిగి కొన్నంత మాత్రాన ఆ సరుకే వచ్చిందనుకోకు. లోహపు పళ్ళని రాసి, లోపల ఒక చక్రం ప్లాస్టిక్‌ది పెట్టినవి నేను విప్పి చూశాను. తయారుచేసినవాళ్ళు తమ పేరుతో తామే అమ్ముకునేవి, ఫీటెక్ ఎఫ్‌ఎస్90 లాంటివి, ఒక దానికీ ఇంకో దానికీ తేడా తక్కువగా వస్తాయి. ఈమ్యాక్స్ ఈఎస్08ఎంఏ లోహపు పళ్ళది, విమానాల మోడళ్ళు ఎగరేసేవాళ్ళు ఇష్టపడతారు. కొరియా వాళ్ళ హైటెక్ హెచ్‌ఎస్-55 వరసవి మృదువుగా తిరుగుతాయి కానీ ధర చాలా రెట్లు. పిల్లలు చేత్తో మెలితిప్పే చోట అంత ఖరీదైనది పెట్టమని చెప్పను.

మేం ఎక్కువగా పినాంగ్‌లో ఉన్న సైట్రాన్ నుంచి తెప్పించుకుంటాం. నీకైతే హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో చేతికి తీసుకుని చూసి కొనే వీలుంది. ఎక్కడ కొన్నా సరే, ముందు రెండు మూడు మాత్రమే తెచ్చుకో. పరీక్షలో నిలబడితే అదే దుకాణంలో, అదే విడత సరుకులోంచి మిగతావి తీసుకో. మీ ల్యాబ్‌కి గ్రాంటు 20 లక్షల దాకా వస్తుంది కదా అని ఒకేసారి వందలు తెప్పించకు. ఇక్కడ పిల్లల తల్లిదండ్రులు తలా కొంత వేసుకుని కొంటున్నారు. అలా కలిసి కొనడం ఈ ఊరివాళ్ళకు కొత్త కాదులే. 1960లో తోట కూలీల చేత తలా 10 డాలర్లు వేయించి, అమ్ముడైపోతున్న రబ్బరు తోటల్ని వాళ్ళ చేతే కొనిపించడానికి సహకార సంఘం పెట్టిన సంబంధన్ గారిది ఈ ఊరే. అందరి డబ్బూ కలిసింది కాబట్టి ఒక్క సర్వో కాలిపోయినా అందరికీ జవాబు చెప్పాలి.

పరీక్ష అంటే పెద్ద సామాను అక్కర్లేదు. ముందు బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టు. 13.4 గ్రాములుండాల్సిన ఎంజీ90ఎస్ మరీ తేలిగ్గా తూగితే లోపల లోహం తక్కువేమోనని అనుమానించు. తర్వాత సర్వో ఇరుసుకి తగిలించే కొమ్ముకి 10 సెంటీమీటర్ల స్ట్రా అంటించి, కింద తెల్లకాగితం పరుచు. ఎడమ నుంచి 90 డిగ్రీలకు రమ్మను, మొన దగ్గర గీత పెట్టు. కుడి నుంచి మళ్ళీ అక్కడికే రమ్మను, ఇంకో గీత పెట్టు. ఆ దూరంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 1.75 మిల్లీమీటర్లు. గీతల మధ్య దూరం అంతకు లోపల ఉంటే నేను సంతోషంగా తీసుకుంటాను, రెండు డిగ్రీలు దాటితే కాళ్ళకీ భుజాలకీ వాడను. ఈ పని పిల్లల చేతే చేయించు మూర్తీ. కొలిచి చూడటం వాళ్ళకు ప్రోగ్రాము రాయడం కంటే తొందరగా పట్టుబడుతుంది. పైగా తప్పు వస్తువుదా తమదా అని తేల్చుకునే దారి వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

చివర్లు కూడా చూడు. ఆర్డువినో సర్వో లైబ్రరీ సున్నా డిగ్రీలంటే 544 మైక్రోసెకన్లు, 180 అంటే 2400 పంపుతుంది. చాలా నకళ్ళు అంత దూరం వెళ్ళలేవు, లోపలి అడ్డుకి తగిలి అక్కడే గీపెడుతూ వేడెక్కుతాయి. మైక్రోసెకన్లలోనే కొంచెం కొంచెం జరుపుతూ ఏ సర్వో ఎక్కడిదాకా హాయిగా వెళ్తుందో పట్టుకుని, ఆ అంకెలు దాని మీదే పెన్నుతో రాయించు.

బలం లెక్క ఒకటుంది. 1.8 కిలో-సెంటీమీటర్లు అంటే ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 1.8 కిలోల దగ్గర మోటారు ఆగిపోతుందని, అంతేగానీ అంత మోస్తుందని కాదు. రోజూ చేయించే పనికి అందులో మూడో వంతు, 0.6 చాలనుకో. 8 సెంటీమీటర్ల చేతి చివర పంజా, వస్తువు కలిసి 60 గ్రాములుంటే 0.48 అవుతుంది. చేతి బరువు కూడా కలిస్తే అప్పటికే హద్దు దగ్గరికి వచ్చేశావు. పిల్లలు చెయ్యి పొడుగ్గా కట్టాలని ముచ్చటపడతారు. పెద్ద సర్వో కొనడం కన్నా చెయ్యి రెండు సెంటీమీటర్లు కత్తిరించడం మేలని లెక్క వేసి చూపించు.

లోహపు పళ్ళా, ప్లాస్టిక్ పళ్ళా అని నీ రెండో ప్రశ్న. బరువెత్తే భుజానికి లోహం. నాలుగు సర్వోలతో నడిచే ఒట్టో లాంటి చిన్న రోబో కాళ్ళకు మంచి ప్లాస్టిక్ చాలు, తేలిగ్గా ఉంటుంది. అనలాగ్, డిజిటల్ తేడా ఈ సైజులో పిల్లలకు పట్టించుకోవాల్సినంత కాదు. కొమ్ములు మాత్రం ఒక కంపెనీవి ఇంకో కంపెనీ ఇరుసు పళ్ళకు సరిపోవు. ఏ సర్వో కొమ్ముల సంచి ఆ సర్వోతోనే ఉంచు, బలవంతంగా నొక్కనివ్వకు.

ఎక్కువ సర్వోల్ని చంపేది పంజా. వస్తువు దొరికాక కూడా ఇంకా మూసుకో అని ప్రోగ్రాము చెబుతూనే ఉంటుంది. కదలలేని మోటారు 650, 700 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతూ కూర్చుంటుంది, కొద్దిసేపటికే మాడు వాసన వస్తుంది. మేం పంజా లోపలి వైపు రబ్బరు ముక్కలు అంటించి, వస్తువును తాకగానే ఆగే కోణం కనిపెట్టి అంతకు మించి మూయం. పట్టు రబ్బరు ఇస్తుంది, మోటారు ఊపిరి పీల్చుకుంటుంది.

కరెంటు సంగతి చివర రాస్తున్నానని తేలిగ్గా తీసుకోకు. మంచి సర్వోని కూడా చెడ్డదనిపించేది అదే. యూఎస్‌బీ నుంచి ఆర్డువినోకి వచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. నాలుగు సర్వోలు ఒక్కసారి కదిలితే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది, పిల్ల మళ్ళీ ప్రోగ్రాములోనే తప్పు వెతుక్కుంటుంది. సర్వోలకు విడిగా 5 వోల్టుల, 3 ఆంపియర్ల సరఫరా పెట్టు. రెండింటి గ్రౌండ్ కలుపు, సర్వోల దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి వెయ్యి. చదరంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీ వాడనే వద్దు, అది అంత కరెంటు ఇవ్వలేదు. రెండు సెల్లుల లిథియం ప్యాకును తిన్నగా తగిలించనివ్వకు, ఈ చిన్నవి 6 వోల్టుల దాకానే. నాలుగుకు మించి సర్వోలుంటే పీసీఏ9685 బోర్డు తీసుకో, పదహారింటిని నడుపుతుంది.

పై తరగతి పిల్లలకు ఒకే తీగ మీద వరుసగా కలిపే బస్ సర్వోలు పరిచయం చేయాలని నాకు కోరిక. తాము ఎక్కడున్నాయో, ఎంత వేడెక్కాయో అవే తిరిగి చెబుతాయి. ఫీటెక్‌వి, రోబోటిస్‌వి చూస్తున్నాను. ధర ఎక్కువ కాబట్టి నీ దగ్గర ఎంతమంది పిల్లలున్నారో, ఈ ఏడాది ఎంత ఖర్చు పెట్టగలవో రాయి. ఇద్దరం ఒకే రకం కొంటే ఇక్కడి పిల్లల ప్రోగ్రాములు అక్కడా నడుస్తాయి. నువ్వు తెచ్చిన మొదటి రెండింటి గీతల కాగితాలు కూడా ఫొటో తీసి పంపు, ఇక్కడివాటి పక్కన పెట్టి చూస్తాం.

పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
సత్యం