సున్నా అనాలి

మా అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం, ఎం.పి.సి. ఆ మూడక్షరాలు వినగానే ఎవరైనా, "ఇంజనీరింగేగా!" అంటారు. అది ప్రశ్న కాదండీ, అక్షింతలు. మేమూ తలవంచి వేయించుకుంటూ వచ్చాం. మొన్న దసరా సెలవుల్లో భోజనాల దగ్గర అది, "నాన్నా, నేను ఫిజిక్సే చదువుతాను" అంది. మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"చదివి?" అన్నాను.

అని, నాలిక కరుచుకున్నాను. పాతికేళ్ళ క్రితం తెలుగు ఎమ్మే చేస్తానంటే మా నాన్నగారు అడిగిన మాట అదే. గొంతు కూడా అదే.

దాని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. తిరుపతిలో 2015లో పెట్టిన ఐసర్ ఉందిట; వేరే ప్రవేశపరీక్షట; ఐదేళ్ళలో బి.ఎస్., ఎం.ఎస్. రెండూ చేతికొస్తాయిట. అది కాకపోతే బి.ఎస్సీ., ఎమ్మెస్సీ. ఆపైన పరిశోధన, మరో ఐదారేళ్ళు. నేను వేళ్ళు మడుస్తూ కూచున్నాను. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి.

"భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన జ్ఞానానందస్వామి, సన్యాసం పుచ్చుకున్నాక ఫిజిక్సులో దిగి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతికశాస్త్రానికి పునాది వేశారు, తెలుసా?" అంది.

"సన్యాసులకేం, ఇంటద్దె ఉండదు" అంది మా ఆవిడ.

సాయంత్రం ద్వారబంధానికి మేకు కొట్టి, పాతమంచం కోడుమీది ఇత్తడిగుండు దారంతో వేలాడదీసింది. కాలేజీలో ప్రయోగశాల తాళం పరీక్షల ముందు వారంగాని తియ్యరట! మేకునుంచి గుండు నడిమిదాకా సరిగ్గా 100 సెంటీమీటర్లు. గడియారం దానిది, డోలనాలు లెక్కపెట్టడం నాది.

గుండు వదలగానే "ఒకటి" అన్నాను. "ఇరవై" అనేసరికి 38 సెకన్లు. కోచింగువాళ్ళు పంపిన రెండో వాయిదా కాగితం వెనక లెక్క వేసింది. గురుత్వ త్వరణం 1094 వచ్చింది. పుస్తకంలో 980.

"మనింట్లో భూమి కాస్త గట్టిగా లాగుతోందేమోనే" అన్నాను. నవ్వలేదు. కాగితంకేసి చాలాసేపు చూసింది.

"నాన్నా, వదిలినప్పుడు సున్నా అనాలి. వెళ్ళి తిరిగొస్తే ఒకటి. నువ్వు లెక్కపెట్టినవి పంతొమ్మిదే."

మళ్ళీ వదిలాం. 40 సెకన్లు. 987! నాకైతే పండగే అనిపించింది. అది మాత్రం, "ఈ ఏడు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంటూ దారం మళ్ళీ కొలుస్తోంది. వంటింట్లోంచి మూడోసారి పిలుపొచ్చింది. వాయిదా కట్టడానికి రేపే ఆఖరు రోజు. ఆ కాగితం దాని ఒళ్ళో బోర్లాపడి ఉంది.

"ఇంకొక్కసారి, నాన్నా."

గుండు వదిలింది. "సున్నా" అన్నాను.